లాగడం వేరు... ఆగడం వేరు!

ఇంట్లో మగవాళ్ళకి ఒక్కొక్కళ్ళకి ఒక్కో పిచ్చి. మావారికి పాత రేడియోలు. మా నాన్నగారికి గోడ గడియారాలు. మా చెల్లెలి భర్తకి మాత్రం బండి. ఆ బండి గొడవే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఆడవాళ్ళ పేజీలో ఇరుసులూ గేర్లూ ఏమిటమ్మా అని పక్కన పెట్టెయ్యకండి. ఆ బండి రోజూ నడిపేది మా చెల్లెలు. దాన్ని మార్చడానికి తియ్యాలనుకున్న డబ్బు కూడా మా చెల్లెలిదే.

వాళ్ళుండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో. డెన్వర్ ఊళ్ళో కాదు, దానికి నైరుతిగా ఉన్న కొండల్లో, కోనిఫర్ అనే ఊరికి దగ్గర్లో. సముద్రమట్టానికి 8,000 అడుగుల పైమాటే. చుట్టూ దేవదారు లాంటి చెట్లు, కంకర రోడ్డు, పిలిస్తే పలకనంత దూరంలో పక్కిల్లు. 2022 నవంబరులో నేను వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. వెళ్ళిన రోజు "అబ్బ, ఎంత బావుందే!" అన్నాను. వారం తిరిగేసరికి మంచు పడింది. అప్పుడర్థమైంది, చూడ్డానికి బావుండడం వేరు, పాలప్యాకెట్టుకి వెళ్ళి రావడం వేరు అని.

వాళ్ళకి రెండు బళ్ళు. మంచి కారు మా మరిది ఆఫీసుకి తీసుకుపోతాడు. చెల్లెలికి మిగిలేది 1984 నాటి షెవ్రొలే పికప్పు. ముందు ముగ్గురు కూర్చునే పొడుగాటి సీటు, వెనక ఖాళీ తొట్టె. మా మరిది దాన్ని ఒక ముసలాయన దగ్గర ముచ్చటపడి కొన్నాడు. రోజుకోసారి తుడుస్తాడు. ఒకటే లోటు, దానికి వెనక రెండు చక్రాలకే శక్తి అందుతుంది. ముందువి ఊరికే దొర్లుతాయి. నాలుగు చక్రాలకీ శక్తి అందేలా, అంటే ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చాలని అతని కోరిక.

ఆ కోరిక వెనకో కథ ఉంది. వాళ్ళ నాన్నగారు పాడేరు ప్రాంతంలో జీపు నడిపేవారు. సంత రోజుల్లో జనాన్నీ, అడ్డాకుల కట్టల్నీ, కోళ్ళ బుట్టల్నీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద తిరిగేవారట. వానాకాలం వాగు దగ్గర అందరి బళ్ళూ ఆగిపోతే ఆయన పక్కనున్న చిన్న గేరు రాడ్డు లాగి, ముందు చక్రాలు కూడా పట్టేలా చేసి, అవతలి గట్టెక్కేవారట. "అప్పుడు మా నాన్న నాకు దేవుడిలా కనిపించేవాడు వదినా" అన్నాడు ఒక రాత్రి. ఇంక అతన్ని ఏమనగలం?

బురదలో దిగబడ్డ ఎడ్లబండిని తలుచుకోండి. ఇద్దరు మనుషులు వెనక నుంచి తోస్తే ఒక్కోసారి కదలదు. ఇంకో ఇద్దరు చక్రాల ఆకులు పట్టుకుని తిప్పితే కదులుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే అంతే. అందులోనూ ఖాళీ పికప్పుకి బరువంతా ముందు, ఇంజను మీదే ఉంటుంది. వెనక తొట్టె ఖాళీ. తొయ్యాల్సిన వెనక చక్రాల మీదేమో బరువుండదు. అందుకే మంచులో అవి గిర్రున తిరుగుతాయి గానీ బండి జరగదు. నాకింకో విచిత్రం తర్వాత తెలిసింది. మామూలు ఇరుసుల్లో రెండు చక్రాల్లో ఏది తేలిగ్గా తిరిగితే అదే తిరుగుతుందట, రెండోది కదలదట. అంటే రెండు చక్రాల బండి అని పేరే గానీ జారుడు మీద పని చేసేది ఒక్కటే!

డిసెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం. బడి బస్సు కొండ కింద మలుపు దగ్గర పిల్లాణ్ణి దింపుతుంది. వాణ్ణి తీసుకురావడానికి చెల్లెలూ నేనూ బయల్దేరాం. మంచు ఆగి రెండు రోజులైంది. రోడ్డు నల్లగా, శుభ్రంగానే కనిపించింది. మలుపు దగ్గరకొచ్చేసరికి చెల్లెలు బ్రేకు తొక్కింది. చక్రాలు ఆగాయి. బండి ఆగలేదు.

ఆ నాలుగైదు క్షణాలు ఎలా చెప్పను? చప్పుడు లేదు. గాజు పలక మీద పీట జారినట్టు, తాపీగా, మర్యాదగా, పక్కకి తిరుగుతూ కిందకి పోతున్నాం. చెల్లెలు స్టీరింగు తిప్పుతోంది, దానికేం వినపడట్లేదు. రోడ్డు పక్కన మంచు కుప్ప అడ్డుపడి ఆగింది. ముందు చక్రం గుంటలో. నిలవడానికి చోటు లేకపోతే కింద లోయే. వంద గజాల దూరంలో పిల్లాడు ఎర్ర టోపీ పెట్టుకుని బస్టాపులో నిలబడి మాకేసి చెయ్యి ఊపుతున్నాడు. వాడికి అదేదో ఆట అనిపించింది.

దెబ్బలేం తగల్లేదు. పక్కింటి పెద్దాయన తన బండి తెచ్చి, పట్టా కట్టి లాగాడు. ఆయనదీ అలాంటి షెవ్రొలే పికప్పే, కానీ నాలుగు చక్రాలదిగా మార్చుకున్నది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా మరిది అన్నాడు. "అందుకే కదా మొదట్నుంచీ చెబుతున్నాను, ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టించేద్దామని. నువ్వు దాచిన డబ్బు ఇప్పుడు వాడదాం, నీకు మళ్ళీ నేను సర్దుతాను." చెల్లెలు పప్పు వడ్డిస్తూ ఏమీ అనలేదు. ఆ డబ్బు 3,400 డాలర్లు. ఇక్కడ ఫిజియోథెరపీ చదివి వెళ్ళినా, అక్కడ పని చెయ్యాలంటే చదువు పత్రాలు మళ్ళీ తూకం వేయించుకోవాలి, లైసెన్సు పరీక్ష రాయాలి. దానికోసం రెండేళ్ళుగా కూడబెట్టుకున్నది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నేనూ మా మరిది వైపే ఉన్నాను. పరీక్ష ఎప్పుడైనా రాసుకోవచ్చు, ప్రాణం ముఖ్యం అనేశాను కూడా. చెల్లెలు నాకేసి ఒక చూపు చూసింది.

బిస్కెట్ డబ్బాలో బిల్లులు

మర్నాడు పెద్దాయనకి థాంక్స్ చెప్పడానికి అరిసెలు పట్టుకుని ముగ్గురం వెళ్ళాం. ఆయన మా మరిదిని రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఆయన భార్య, డెబ్బై దాటిన మనిషి, మాకు కాఫీ ఇచ్చింది. సంగతి విని, లోపలికి వెళ్ళి ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. వాళ్ళాయన 1991లో తన బండి మార్చినప్పటి బిల్లులు, ఒక్కటీ పారెయ్యకుండా దాచిందావిడ. మన అమ్మమ్మలు పోపులపెట్టెలో చిల్లర దాచినట్టు!

"600 డాలర్లవుతుంది, రెండు శనాదివారాల పని అన్నాడు. 1,847 డాలర్లయింది. మార్చిలో మొదలుపెడితే సెప్టెంబరుకి బండి బయటికొచ్చింది" అని నవ్వింది. అప్పటి డాలర్లవి. రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని నిలబడిందీ, బోల్టులు డబ్బాల్లో వేరుచేసి పేర్లు రాసిందీ ఆవిడేనట.

ఆ బిల్లులు ఒక్కొక్కటీ తీసి ఆవిడ చెబుతుంటే నాకు బండి లోపలంతా కళ్ళకి కట్టింది. మొదట శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె కావాలి. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. అది గేరుబాక్సు వెనకాల తగిలించాలి. రెండు చక్రాల బండి గేరుబాక్సు వెనక భాగం దానికి సరిపోదు, కాబట్టి గేరుబాక్సయినా మార్చాలి, లేదా లోపలి షాఫ్టు మార్చి మధ్యలో అతుకు దిమ్మ పెట్టాలి. ఆ పెట్టె చోటు ఆక్రమిస్తుంది గనక వెనక చక్రాలకి వెళ్ళే పొడుగు షాఫ్టు పొట్టి చేయించాలి. ముందుకి ఇంకో షాఫ్టు కొత్తగా కావాలి.

తర్వాత ముందు ఇరుసు. ఆ కాలం షెవ్రొలే పికప్పుల్లో రెండు చక్రాలవాటిని సి అనీ, నాలుగు చక్రాలవాటిని కె అనీ పిలుస్తారు. పైకి ఒకటేలా ఉంటాయి. కింద మాత్రం వేరు. సి బండికి ముందు చుట్ట స్ప్రింగులు, ఒక్కో చక్రం విడివిడిగా ఆడుతుంది. కె బండికి మన లారీల్లాగా అడ్డంగా ఒకే ఇరుసు, కింద కమాను కట్టలు. కాబట్టి సి బండి ముందు భాగం మొత్తం, ఛాసిస్‌కి బోల్టులు వేసి బిగించిన అడ్డ దూలంతో సహా, విప్పెయ్యాలి. కమాన్లకి కొత్త కొక్కేలు బిగించాలి. స్టీరింగు బాక్సు కూడా మార్చాలి. ఎందుకంటే ఒకదాని చెయ్యి పక్కకి ఊగుతుంది, రెండోదాని చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. బ్రేకు గొట్టాలు పొడుగువి కావాలి. ముందు భాగం ఎత్తయిపోతుంది, వెనక కూడా ఎత్తు పెంచాలి. లేకపోతే బండి కుక్క కూర్చున్నట్టు ఉంటుంది.

ఇదంతా మాటలకే ఆయాసం. కానీ నన్ను ఆపేసింది మాత్రం చక్రం బోల్టులు. సి పది అనే ఆ చిన్న బండి చక్రానికి 5 బోల్టులు. కె పది చక్రానికి 6. ముందు ఇరుసు మార్చి వెనకది ఉంచేస్తే ముందు చక్రం వెనక పట్టదు, వెనకది ముందు పట్టదు. రెండు స్టెప్నీలు మోసుకుతిరగాలి! పైగా రెండు ఇరుసుల్లో పళ్ళ చక్రాల లెక్క ఒకటే ఉండాలి. షాఫ్టు 3.73 సార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరిగేట్టుంటే, ముందుది కూడా అదే లెక్క. లేకపోతే ముందు ఇరుసూ వెనక ఇరుసూ పోట్లాడుకుని ఏదో ఒకటి విరుగుతుంది. అంచేత వెనక ఇరుసు కూడా మార్చక తప్పలేదట. చీరకి మ్యాచింగ్ జాకెట్టు కోసం బయల్దేరి చెప్పులూ, హ్యాండ్‌బ్యాగూ, చివరికి చీర కూడా కొన్నట్టు.

"అందుకే తెలిసినవాళ్ళెవరూ ముక్కలు ముక్కలుగా కొనరు" అంది ఆవిడ. ప్రమాదంలో పైభాగం నుజ్జయిన అదే మోడలు కె బండి ఒకటి చౌకగా కొనుక్కుని, దాని కిందివన్నీ తీసి దీనికి పెడతారు. అప్పుడు పళ్ళ లెక్కా, బోల్టుల లెక్కా వాటంతటవే కుదురుతాయి.

ఈ పిచ్చి అక్కడ కొత్తదేం కాదు. ఇండియానాపోలిస్‌లో మార్మన్-హెరింగ్టన్ అనే కంపెనీ 1935 నుంచే ఫోర్డు ట్రక్కుల్ని నాలుగు చక్రాలవిగా మార్చి ఇచ్చేది. మిన్నియాపొలిస్‌లో నాప్కో అనే కంపెనీ 1950లలో షెవ్రొలే, జీఎంసీ పికప్పులకి మార్పిడి సామాను అమ్మింది. 1957 నుంచి షెవ్రొలే వాళ్ళు ఆ సామాను తామే బిగించి అమ్మడం మొదలుపెట్టారు. 1960లో సొంతంగా నాలుగు చక్రాల పికప్పు తెచ్చారు. ఆవిడ పుట్టింటివాళ్ళది వయోమింగ్‌లో పశువుల క్షేత్రం. వాళ్ళ నాన్నకి అలాంటి నాప్కో బండి ఉండేదట. మంచులో చిక్కుకున్న దూడల్ని అందులో వేసుకొచ్చేవారట. కాబట్టి ఆవిడ ఆ బళ్ళకి వ్యతిరేకి అనుకోకండి.

ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?

డబ్బా మూత పెడుతూ ఆవిడ మా చెల్లెల్ని ఒక్క ప్రశ్న అడిగింది. "అమ్మాయీ, నిన్న నువ్వు జారింది ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడు."

"మరి దానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఏం చేస్తుంది?"

నేను నోరు తెరిచాను. అవును కదా! శక్తి నాలుగు చక్రాలకీ వెళ్ళేది బండి కదలడానికి. బ్రేకు ఏ బండికైనా ముందునుంచీ నాలుగు చక్రాలకీ ఉంటుంది. మంచు మీద ఆపేది ఇంజను కాదు, టైరు రబ్బరు. చిన్న గేరులో పెట్టి నత్తనడకన దిగితే ఇంజను కొంత పట్టి ఉంచుతుంది, అప్పుడు నాలుగు చక్రాలూ కలిసి ఉంటే కొంచెం నయమే. కానీ బ్రేకు తొక్కి జారడం మొదలయ్యాక రెండు చక్రాలదీ నాలుగు చక్రాలదీ ఒకటే దారి. ఇంకా చెప్పాలంటే ఇరుసూ పెట్టే అన్నీ కలిసి బండి బరువు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా నాలుగు చక్రాల బండి మంచులో జోరుగా బయల్దేరేస్తుంది గనక నడిపేవాళ్ళకి రోడ్డు జారుడని ముందుగా తెలియదట. "మా ఆయన జీవితంలో పెద్ద యాక్సిడెంటు ఈ బండి మార్చుకున్నాకే అయింది" అంది ఆవిడ, షెడ్డు వైపు చూసి, గొంతు తగ్గించి.

ఇంకో మాట కూడా చెప్పింది. పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్‌ని పొడి రోడ్డు మీద వెయ్యకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. ముందూ వెనకా షాఫ్టులు ఆ పెట్టెలో గట్టిగా కలిసిపోయి ఉంటే ఆ తేడా ఎక్కడికీ పోదు. టైర్లు రోడ్డుకి రాసుకుంటాయి, పెట్టె బిగుసుకుంటుంది. కాబట్టి మంచున్న చోట వేసి, లేనిచోట తీసెయ్యాలి. కొండ మీద నీడపట్టున మంచు, మలుపు తిరిగితే ఎండ. ఆ రాడ్డు లాగుతూ, తోస్తూ నడపాల్సిందెవరు? మా మరిది కాదు.

చివరికి చెల్లెలు అడిగింది, మరి నన్నేం చెయ్యమంటారు అని. ఆవిడ మా బండి దగ్గరకొచ్చి ముందు టైరు గాడిలో వేలు పెట్టి చూసింది. సగం పైగా అరిగి, చలికి చెక్కలా బిగుసుకుపోయిన రబ్బరు. మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడిపోతుంది, చలికాలం టైర్ల రబ్బరు మెత్తగానే ఉండి రోడ్డుని పట్టుకుంటుంది. డెన్వర్ నుంచి కొండల్లోకి పోయే 70వ నంబరు హైవే మీద మారిసన్ నుంచి డొట్సెరో దాకా, సెప్టెంబరు నుంచి మే నెలాఖరు వరకూ ఒక నియమం ఉంది. నాలుగు చక్రాల బండికి కూడా టైరు గాడి కనీసం అంగుళంలో 16వ వంతులు మూడు లోతుండాలి, అంటే దగ్గర దగ్గర 5 మిల్లీమీటర్లు. మా బండి గాడి అందులో సగం ఉందో లేదో.

ఆ సాయంత్రం మా చెల్లెలు గొంతు పెంచలేదు, ఏడవలేదు. వంటింటి బల్ల మీద కాగితం పెట్టి లెక్క రాసింది. నాలుగు చలికాలం టైర్లు, బిగింపుతో కలిపి 640 డాలర్లు. గొలుసులు 90. వెనక తొట్టెలో ఇరుసు మీదకి వచ్చేలా 60 పౌన్ల ఇసుక బస్తాలు ఆరు, ఒక్కోటి 6 డాలర్లు. మొత్తం 766. "ఇవి ఎల్లుండికల్లా కావాలి. మార్పిడి మొదలుపెడితే ఎండాకాలం దాకా బండి షెడ్డులోనే ఉంటుంది. అప్పటిదాకా బాబు బస్టాపు నుంచి ఎలా వస్తాడు?" అంది. ఆ ప్రశ్నకి జవాబు లేదు. మా మరిది కాసేపు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత "ఇసుక బస్తాలు నేను తెస్తాలే" అన్నాడు. అంతకు ముందు రాత్రి అన్న మాటకి చెల్లెలికి నేను సారీ చెప్పాను. అక్కచెల్లెళ్ళ మధ్య సారీ ఏమిటంటారా, చెప్పాల్సినప్పుడు చెప్పాలి.

కొత్త టైర్లతో అదే మలుపు దగ్గర చెల్లెలు కావాలని మెల్లిగా బ్రేకు తొక్కి చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. బండి కొద్దిగా జారి, ఆగింది. ఒకరోజు మాత్రం ఇంటి ఎత్తు ఎక్కలేక మొరాయించింది. ఇద్దరం చేతి తొడుగులు తీసేసి, వేళ్ళు కొంకర్లు పోతుంటే గొలుసులు వేశాం. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు మటుకు నాలుగు చక్రాలూ లాగితే బావుండునని ఇద్దరికీ అనిపించింది. అబద్ధం ఎందుకు!

తిరిగొచ్చాక ఈ సంగతి చెబితే, మా ఊళ్ళో ఒకతను తన పాత జీపుకి అలాగే ముందు ఇరుసు వేయిస్తానని ఉత్సాహపడ్డాడు. మన దగ్గర అది మెకానిక్కుతో మాట్లాడుకుని చేసేసే పని కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళ దగ్గర చిక్కు. కావాలంటే ఫ్యాక్టరీ నుంచే నాలుగు చక్రాలూ లాగేలా వచ్చిన జీపులూ, పికప్పులూ ఉన్నాయి. ఉన్నది అమ్మి అది కొనుక్కోవడమే మేలు. అమెరికాలో కూడా చాలామంది చేసేది అదేనట.

మా మరిది అలా అమ్మేసే రకం కాదు. 2023 ఎండాకాలంలో ఎవరి దొడ్లోనో తుప్పు పట్టి పడున్న కె బండి ముందు ఇరుసు 250 డాలర్లకి తెచ్చుకున్నాడు, తన జేబుఖర్చుల్లోంచి. పెద్దాయన షెడ్డులో రెండు చెక్క దిమ్మల మీద పెట్టి, పాత టార్పాలిన్ కప్పి ఉంచారు. ఆదివారం ఆదివారం ఇద్దరూ దాని తుప్పు గీకి, నల్ల రంగు వేస్తారట. వెనక ఇరుసు కావాలి, పెట్టె కావాలి, షాఫ్టులు కావాలి. తొందరేం లేదు అంటాడు. పెద్దావిడ మా మరిదికి కూడా ఒక ఖాళీ బిస్కెట్ డబ్బా ఇచ్చింది.

చెల్లెలు పరీక్ష రాసింది, పాసయింది, ఉద్యోగంలో చేరింది. మొన్న ఫోన్లో అడిగాను, "ఏమే, ఇప్పుడు నీ జీతంలోంచి ఆ పెట్టె కొనిపెట్టకూడదూ పాపం" అని.

"కొంటానక్కా, వచ్చే ఏడాది. ముందు నా టైర్ల డబ్బు 640 ఇంకా బాకీ ఉన్నాడు" అంది.